రైలు కొలువును మద్యపానమును

మద్యపానము దోషమని మన సమాజమువారు బహుకాలమునుండి బోధించుచున్నారు. 1870 లో కేశవచంద్రసేనుగారు వంగదేశమున స్థాపించిన భారత సంస్కరణ సభ పక్షమున, “మద్యమా, విషమా” యను నర్థమిచ్చు పేరుతో నొక పత్రిక వెలువడెను. దానిని శివనాథశాస్త్రిగారు నడపిరి. మన యాంధ్రదేశమున రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు మద్యవిసర్జనమును తమ జీవితవ్రతములలో నొకటిగా గైకొని, విద్యార్థులకు మాటచేతను నడతచేతను గూడ నుపదేశించిరి. ఈ బోధలన్నియు ముఖ్యముగా త్రాగువాని యాత్మను గూర్చియు, వాని భార్యాబిడ్డలను గూర్చియు నైనవి. ఈ పాఠమున మనము వేఱొక ముఖమును పరిశీలింతము. త్రాగినవాడు తానొక్కడే చెడుట యొక సంగతి. తన్నెరుగకయే తన్ను నమ్మి నిద్రించుచున్న వేయిమందిని చెఱచుట మఱియొక సంగతి. ఈ రెండవదానికి రైలు కొలువు కంటె స్పష్టమైన దృష్టాంతము దొరకదు.

బెజవాడ, గుంతకల్లు, కాజీపేట, వాల్తేరు మొదలగు కూడళ్లలోను, వంగదేశమందలి ఖరగ్‌పూరులోను రైలు కొలువుచే జీవించు తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. ఈ పాఠము వారికొఱకును, వారు నడపు బండ్లలో ప్రయాణము చేయు మనయందఱి కొఱకును వ్రాయబడినది.

1. నమ్మకము ఎంత గొప్పది

మనము బండియెక్కునప్పుడు డ్రైవరు ఎవరని యడుగము. ఆయన ముఖమైనను చూడము. పిల్లలను పై బల్లమీద పరుండబెట్టి, దీపమార్పి, కన్నులు మూసికొందుము. ఇంత నిశ్చింతగా మన ప్రాణమును అపరిచితుని చేతిలో పెట్టు తావులు లోకమున మిక్కిలి తక్కువ.

గంటకు 110 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనునకు సుమారు 30 మీటర్లు దాటును. ఎఱ్ఱ సిగ్నలును చూచి డ్రైవరు బ్రేకు వేయుటకు ఒక్క సెకను ఆలస్యమైనచో 30 మీటర్లు పోయినట్లే. రెప్పలు బరువై పది సెకనులు కునికినచో 300 మీటర్లు పోయినట్లే. అటుపిమ్మట బ్రేకు పడినను, బరువైన బండి నిలుచుటకు సుమారు కిలోమీటరు దూరము కావలసియుండును. రోడ్డుమీది బండివాడు ప్రక్కకు తప్పుకొనగలడు. ఇనుపదారిమీది బండికి ప్రక్క లేదు.

డ్రైవరొక్కడే కాడు. నేటి కొలువులో నాయనను లోకో పైలట్టనియు, గార్డును 2022 నుండి ట్రైన్ మేనేజరనియు పిలుచుచున్నారు. పేరు మారినను భారము మారలేదు. స్టేషను మాస్టరు ఒక బండి నిలిచియున్న దారిలోనికి మఱియొక బండిని రానిచ్చుట, పాయింట్స్‌మన్ బోగీల జంటను సరిగా తగిలింపకుండుట, గేట్‌మన్ గేటు వేయుట మఱచుట, పట్టాల పనివాడు విప్పిన బోల్టును మరల బిగింపకుండుట, వీనిలో నేయొక్కటియైనను చాలును. గొలుసులో నొక్క కడియము తెగినను గొలుసంతయు తెగినట్లే గదా.

2. దేహములో మద్యము చేయు పని

మద్యము మొట్టమొదట పాడుచేయునది కాలుచేతులను కాదు, తీర్పును. తూలుట, మాట తడబడుట తరువాతి సంగతులు. వానికి ముందే చూపు ఇరుకగును, దూరము వేగము కొలుచు శక్తి తగ్గును, చూచినదానికి చేయి కదలుటకు పట్టుకాలము పెరుగును. వీనికంటె నపాయకరమైనది మఱియొకటి కలదు: శక్తి తగ్గిన కొలదియు “నేను బాగుగానే యున్నాను” అను ధైర్యము హెచ్చును. కావున త్రాగినవాడు తన స్థితిని గూర్చి తానిచ్చు సాక్ష్యము సాక్ష్యము కాదు.

దేహములోనికి పోయిన మద్యమును ముఖ్యముగా కాలేయము దహించును. ఆ పని దాని వేగముననే జరుగును గాని మన తొందరను బట్టి జరుగదు. గంటకు సుమారు 8 గ్రాములని లెక్కపెట్టుకొనవచ్చును. మనిషినిబట్టి కొంచెము హెచ్చుతగ్గులుండును. చల్లని నీళ్లతో స్నానము చేసినను, చిక్కని కాఫీ త్రాగినను, నిమ్మకాయ మజ్జిగ పుచ్చుకొన్నను ఈ లెక్క మారదు. కాఫీ త్రాగిన తాగుబోతు మేలుకొనియున్న తాగుబోతే.

మన దేశపు విస్కీ బ్రాందీలలో నూటికి 42.8 పాళ్లు మద్యసారముండును. ఆ లెక్కను 60 మిల్లీలీటర్ల కొలతలో సుమారు 20 గ్రాములు, 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 60 గ్రాములు, 375 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 125 గ్రాములు మద్యసారము కలదు. మొదటిది దేహమును విడుచుటకు రెండున్నర గంటలు, రెండవదానికి ఏడెనిమిది గంటలు, మూడవదానికి పదునైదు పదునాఱు గంటలు పట్టును.

రైలు సాధారణ నియమముల ప్రకారము, బండ్ల నడకతో నేరుగా సంబంధించిన నౌకరు డ్యూటీకి ముందు ఎనిమిది గంటలలోపల మద్యమును గాని, మత్తుమందును గాని పుచ్చుకొనరాదు. మంచి నియమమే. అయితే కొందఱు దీనిని “ఎనిమిది గంటలకు ముందు ఎంతయైనను త్రాగవచ్చును” అని తలక్రిందుగా చదువుచున్నారు. రాత్రి తొమ్మిది గంటలకు 375 మిల్లీలీటర్ల సీసా ముగించి, ఉదయము ఆఱు గంటలకు పనికి వచ్చినవాడు గడియారమును బట్టి నియమము పాటించినవాడే. రక్తమును బట్టి త్రాగియున్నవాడే. ఆ నియమములోనే మొదటి మాట మఱియొకటి కలదు: డ్యూటీలోనున్న యే నౌకరును మత్తులో నుండరాదు, మద్యముచే పని చేయు శక్తి తగ్గిన స్థితిలోను ఉండరాదు. గంటలు లెక్కపెట్టువారు ఈ మాటను మఱవరాదు.

3. చరిత్రలోని మూడు పాఠములు

1972 జూన్ 11 వ తేదీ రాత్రి, లండను నగరపు శివారైన ఎల్తామ్ వెల్ హాలు స్టేషను వద్ద, సముద్రతీరమునుండి విహారయాత్రికులను మరల తెచ్చుచున్న బండి యొకటి మలుపులో పట్టాలు తప్పెను. ఆ మలుపున గంటకు 20 మైళ్లకు మించి పోరాదు; బండి దానికి మూడింతలకు మించిన వేగముతో వచ్చెను. డ్రైవరును, అయిదుగురు ప్రయాణికులును మరణించిరి. డ్రైవరు విశేషముగా మద్యము పుచ్చుకొనియుండెనని విచారణలో తేలెను.

1987 జనవరి 4 వ తేదీన, అమెరికాదేశమున మేరీలాండు రాష్ట్రమందలి చేజ్ అను తావున, సరకుబండ్ల కంపెనీకి చెందిన యింజనులు ఎఱ్ఱ సిగ్నలును దాటి ప్రయాణికుల బండి దారిలోనికి వచ్చి నిలిచెను. వేగముగా వచ్చుచున్న ప్రయాణికుల బండి వానిని ఢీకొనెను. పదునాఱుగురు మరణించిరి. ఆ యింజనుల సిబ్బంది గంజాయి త్రాగియుండిరి. ఇందు మనము ముఖ్యముగా గ్రహింపవలసినది వేఱొకటి కలదు. సిగ్నలు మారినప్పుడు డ్రైవరును హెచ్చరించుటకై యింజనులో నొక యీల అమర్పబడియుండెను. ఆ యీలకు పట్టీ యంటించి దాని నోరు మూసియుండిరి.

1991 ఆగష్టు 28 వ తేదీన, న్యూయార్కు నగరపు భూగర్భ రైలు యూనియన్ స్క్వేరు వద్ద పట్టాలు తప్పగా, అయిదుగురు మరణించిరి, నూఱుమందికి పైగా గాయపడిరి. మోటర్‌మన్ త్రాగియుండెను. ఆ ప్రయాణములోనే అంతకుముందు బండి ప్లాట్‌ఫారమును దాటిపోయి నిలిచియుండెను. అనగా అపాయము ముందుగా తన రాకను తెలిపియుండెను. బండి మాత్రము ఆగలేదు. ఆ సంవత్సరముననే అమెరికా శాసనసభ రవాణా కొలువులలోనివారికి మద్య పరీక్షలను విధించు శాసనమును చేసెను.

మొదటిది ఒక మనిషి కథ. రెండవది మూయబడిన యీల కథ. మూడవది ఎవరును లక్ష్యపెట్టని హెచ్చరిక కథ. పరదేశములవని వీనిని త్రోసివేయరాదు. మత్తునకు దేశభేదము లేదు.

4. శాసనము చెప్పునది

ఇంగ్లాండులో రైళ్లు పుట్టిన తొలి సంవత్సరములలోనే, 1842 నాటి శాసనము త్రాగి పనిచేయు రైలు నౌకరులను పట్టి శిక్షించుటకు వీలు కల్పించెను. మన దేశపు 1890 నాటి రైల్వే చట్టమునను అట్టి విధి కలదు. దాని స్థానమున వచ్చిన 1989 నాటి చట్టములోని 172 వ సెక్షను ప్రకారము, డ్యూటీలో మత్తుగానున్న నౌకరునకు 500 రూపాయలవఱకు జుల్మానా విధింపవచ్చును. ఆ స్థితి ప్రయాణికుల కపాయము తెచ్చునదైనచో ఒక సంవత్సరమువఱకు ఖైదు, లేక జుల్మానా, లేక రెండును విధింపవచ్చును. నియమోల్లంఘనముచేత గాని అజాగ్రత్తచేత గాని యితరుల క్షేమమునకు భంగము కలిగించినవానికి 175 వ సెక్షను రెండు సంవత్సరములవఱకు ఖైదు చెప్పుచున్నది. ఉద్యోగము పోవుట వీనికి వేఱు.

“అప్పుడు నాకు తెలివి లేదు” అని న్యాయస్థానమున చెప్పుకొనువారు కలరు. న్యాయవాదులమగు మేము ఈ మాటను స్పష్టముగా చెప్పవలసియున్నది: తన యిష్టముచే త్రాగినవానికి ఆ మత్తు కవచము కాదు. 1860 నాటి శిక్షాస్మృతి యిట్లే చెప్పెను. 2024 జూలై 1 వ తేదీనుండి దాని స్థానమున నడచుచున్న భారతీయ న్యాయసంహితయు నిట్లే చెప్పుచున్నది. తనకు తెలియకుండ, లేక తన యిష్టమునకు విరోధముగా, మత్తు పెట్టబడినవానికి మాత్రమే శాసనము రక్షణనిచ్చును. మొదటి గ్లాసు నెత్తినప్పుడు తెలివి యున్నది గదా; బాధ్యత యచ్చటనే పుట్టినది.

ఇప్పుడు మన దేశపు రైళ్లలో సిబ్బంది లాబీలో డ్యూటీ యెక్కునప్పుడును దిగునప్పుడును శ్వాసను పరీక్షించు యంత్రములో ఊదవలసియున్నది. “మమ్ము దొంగలవలె పరీక్షింతురా?” అని కొందఱు నొచ్చుకొనుచున్నారు. ఈ ప్రశ్న తేలికగా కొట్టివేయదగినది కాదు. దేహస్వాతంత్ర్యము గొప్ప హక్కు. అమెరికాలో రైలు కార్మికుల సంఘములవారు ఈ వాదమునే సర్వోన్నత న్యాయస్థానమువఱకు కొనిపోయిరి. 1989 లో ఆ న్యాయస్థానము, ప్రజల ప్రాణరక్షణ కొఱకు ఇట్టి పరీక్షలు న్యాయమేయని నిర్ణయించెను. మా మనవి యేమనగా, అందఱిని సమానముగా పరీక్షించుట యెవ్వరికిని అవమానము కాదు. కొందఱినే యెంచి పరీక్షించుట, చిన్న నౌకరును ఊదుమని పెద్ద యధికారిని వదలుట అవమానము. క్లబ్బులో వెండిగ్లాసున పోసిన విస్కీయు, కాలనీ వెనుక ప్యాకెట్టులో నమ్మిన సారాయియు ఎఱ్ఱ సిగ్నలు ముందర ఒక్కటే.

5. యంత్రము చాలదా?

విద్యావంతులైన మిత్రులు కొందఱు, “ఇక మీదట యంత్రములే బండిని కాపాడును, మనిషి గుణముతో పనియేమి?” అందురు. యంత్రముల మేలును మేము కాదనము. డ్రైవరు కొంతసేపు ఏ పనియు చేయకున్నచో హెచ్చరించి, అప్పటికిని కదలకున్నచో బ్రేకు వేయు సాధనము నేటి యింజనులలో కలదు. ఎఱ్ఱ సిగ్నలును దాటబోవు బండిని తానే ఆపు “కవచ్” అను సాధనము మన తెలంగాణమునందే, లింగంపల్లి వికారాబాదు ప్రాంతపు దారిలో పరీక్షింపబడి, 2020 లో దేశమునకంతకు నంగీకరింపబడినది. ఇది మనకు గర్వకారణమే.

అయినను చేజ్ వద్ద యీల యుండలేదా? దాని నోరు మూసినది మనిషి చేయి. యంత్రమును అమర్చువాడు, పరీక్షించువాడు, బాగుచేయువాడు మనిషియే. కవచ్ లోకో పైలట్టును కాచును గాని, బోల్టు బిగింపని చేతిని బిగింపజేయలేదు. యంత్రము మనస్సాక్షికి తోడు, బదులు కాదు.

6. ఏల త్రాగుచున్నారు?

దోషమును ఖండించుట సులభము. కారణమును వెదకుట కష్టము. రైలు నౌకరు దినమున కొకవేళ నిద్రించువాడు కాడు. నేడు రాత్రి పని, రేపు పగలు పని. ఇల్లు విడిచి పరాయి యూరి రన్నింగ్ రూములో పగటి వెలుతురున నిద్రపోవలసియుండును. నిద్ర రాదు. “కొంచెము పుచ్చుకొన్నచో నిద్ర పట్టును” అని తోడివాడు చెప్పును. ఆ మాట సగము నిజము గనుకనే యపాయకరము. మద్యము కన్ను మూయించును. కాని కొన్ని గంటలకే నిద్రను చెదరగొట్టును. లేచినవానికి అలసట తీరదు. మరునాడు మఱికొంచెము కావలసివచ్చును. నిద్రమందని తెచ్చుకొన్నది నిద్రదొంగ యగును.

ఎండలో పట్టాలపై పనిచేయువాడు ఒళ్లునొప్పులకని త్రాగును. చావును కన్నులార చూచినవాడు, తన బండి క్రింద నొక ప్రాణము పోగా ఆ చప్పుడు చెవులను వదలనివాడు, మఱచుటకని త్రాగును. వీరిని తాగుబోతులని వెక్కిరించి పోవువారికి ధర్మము తెలియదు. పని గంటలు మితముగా నుండుట, రన్నింగ్ రూములో చీకటియు నిశ్శబ్దమును కడుపునిండ భోజనమును దొరకుట, దుర్ఘటన చూచినవానికి విశ్రాంతియు నోదార్పును లభించుట, ఇవియు మద్యవిసర్జనోద్యమములో భాగములే. నౌకరును నీతిమంతుడవు కమ్మని చెప్పి, వానిని నిద్రలేక చంపు యాజమాన్యము సగము పాపమును తన పద్దున వ్రాసికొనవలెను.

7. మరుగుపఱచుట స్నేహమా?

ఈ పాఠమునకు ప్రాణమైన ప్రశ్న యిది. తోడి నౌకరు నోట వాసన వచ్చుచున్నది. వానికి ముగ్గురు బిడ్డలు. చెప్పినచో ఉద్యోగము పోవును. చెప్పకున్నచో నేమియు జరుగకపోవచ్చును. “ఈ ఒక్క రాత్రికి పోనిమ్ము” అని మనస్సు కరగును. అసిస్టెంటు తానే మెలకువగా నుండి కాచుకొందునని తలచును. స్టేషను మాస్టరు చూడనట్లు తల త్రిప్పుకొనును. భార్య, ఆయనకు జ్వరమని కబురు పంపును.

ఈ కరుణను మేము నిందింపము. కాని దీనిని తూచి చూడవలెను. ఒక తట్టలో ముగ్గురు బిడ్డల తండ్రి యుద్యోగము. రెండవ తట్టలో ఆ తండ్రి ప్రాణమును, వెనుక బోగీలలోని వేయిమంది ప్రాణములును. ఎల్తామ్ వద్ద మొదట పోయిన ప్రాణములలో డ్రైవరుదియు నొకటి. కాబట్టి వానిని ఆపినవాడే వాని బిడ్డలకు మేలుచేసినవాడు. మరుగుపఱచినవాడు స్నేహితుడను పేరు పెట్టుకొన్న తోడుదొంగ.

అయితే చెప్పుటకు భయము లేని మార్గము కావలెను. అమెరికా రైళ్లలో 1980 ల నాటినుండి కార్మిక సంఘములే “ఆపరేషన్ రెడ్ బ్లాక్” అను నేర్పాటును నడపినవి. తోడివాడు మత్తుగానున్నచో సహోద్యోగులే వానిని పనికి పోనీయక యింటికి పంపుదురు; యాజమాన్యముతో నొడంబడిక యుండుటచే, అంతమాత్రమున శిక్ష పడదు; చికిత్సకు త్రోవ చూపుదురు. త్రాగి పనిలో పట్టుబడినవాడు వేఱు, పనికి ముందే “నేడు నావల్ల కాదు” అని యొప్పుకొన్నవాడు వేఱు అని యీ యేర్పాటు తెలిసికొన్నది. మొదటివానికి శాసనము, రెండవవానికి వైద్యము. ఈ భేదమును పాటింపని చోట రెండవవాడును మొదటివాడే యగును. ఏలయన నిజము చెప్పినవానికిని అబద్ధము చెప్పినవానికిని ఒకే శిక్షయైనచో నిజము చెప్పువాడెవడు?

8. చేయదగిన పనులు

శాసనములను నమ్మి మనము చేతులు ముడుచుకొనరాదు. చెన్నరాజధాని యంతటను 1948 అక్టోబరు 2 వ తేదీనాటికి నిషేధము వ్యాపించెను, తరువాత సడలెను. దూబగుంట స్త్రీలు 1992 లో లేవనెత్తిన యుద్యమముచే 1993 లో సారాయియు, 1995 జనవరిలో సమస్త మద్యమును ఆంధ్రప్రదేశమున నిషేధింపబడెను. 1997 లో ఆ నిషేధము తీసివేయబడెను. ప్రభుత్వముల ఆజ్ఞలు వచ్చును, పోవును. మనుష్యుడు ఈశ్వరసన్నిధిని తనకు తానిచ్చుకొన్న ఆజ్ఞను ఏ శాసనసభయు రద్దుచేయజాలదు.

కావున రైలు నౌకరులైన సోదరులకు మా మనవి: డ్యూటీ పిలుపునకు ముందు గంటలు లెక్కపెట్టుట మాని, డ్యూటీ యున్న కాలమంతయు మద్యమును ముట్టకుండుటయే నియమముగా పెట్టుకొనుడు. శక్తిగలవారు పూర్తిగా మానుడు. బహుకాలమునుండి ప్రతిదినము త్రాగుచున్నవారు ఒక్కసారిగా ఒంటరిగా మానబూనకుడు. వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము రావచ్చును. వైద్యుని చెంతకు పొండు. అది సిగ్గుపడవలసిన పని కాదు. మద్యమునకు దాసుడగుట రోగమని వైద్యశాస్త్ర మంగీకరించినది.

ఇంటి స్త్రీలకు మా మనవి: జ్వరమని యబద్ధమాడి కప్పిపుచ్చకుడు, ఆనాడు వారిని డ్యూటీకి పోనీయకుడు, మఱునాడు చికిత్సకు తోడుకొని పొండు. సంఘనాయకులకు: జీతము కొఱకు పోరాడునట్లే, శిక్షాభయములేని చికిత్స కొఱకును, నిద్ర కొఱకును పోరాడుడు. అధికారులకు: పరీక్షాయంత్రములో మొదట మీరూదుడు.

ఈ పాఠమును సాయంకాలపు తరగతులలో చదువువారు ఈ ప్రశ్నలను తమలో చర్చింపవలెను. గడియారము చొప్పున నియమము పాటించినవాడు ఏ సందర్భమున దోషియగును? అందఱిని పరీక్షించుటకును కొందఱిని పరీక్షించుటకును భేదమేమి? తోడివానిని కాపాడుట యనగా వాని యుద్యోగమును కాపాడుటయా, వానినే కాపాడుటయా?

సర్వసాక్షివగు పరమేశ్వరా, రాత్రివేళ మేము నిద్రించుచుండగా మా బండిని నడపు సోదరుని కన్నులకు వెలుగును, చేతికి నిలుకడను, మనస్సునకు నిర్మలత్వమును ప్రసాదింపుము. అతని పక్కననున్నవానికి నిజము చెప్పు ధైర్యమును, అతనిపై నధికారముగలవారికి న్యాయబుద్ధిని, అతని యింటివారికి శాంతిని దయచేయుము.